కరెంటు లేని రాత్రి ఊపిరి యంత్రం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలి, ఉద్దానం పల్లెలు ఎన్నో రాత్రులు చీకట్లో గడిపాయి. అలాంటి రాత్రి, సీపాప్ యంత్రం పెట్టుకొని నిద్రించే తాతగారి గతేమిటి?

కొందరికి నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. ఈ యంత్రంలోని చిన్న పంకా, ముక్కుకు పెట్టిన తొడుగు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ప్రకటించారు.

ఇప్పుడు లెక్క చేద్దాం. పంకాకు 10 వాట్లు కావాలనుకోండి. 8 గంటలకు 80 వాట్ అవర్లు. 12 వోల్టుల, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 12 × 40 = 480 వాట్ అవర్లు ఉంటాయి. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడేస్తే త్వరగా పాడవుతుంది. కనుక వాడదగినవి 240. అంటే మూడు రాత్రులు!

గాలిని తేమపరచే హీటరు కూడా కలిసి 50 వాట్లయితే? అదే బ్యాటరీ 5 గంటలు కూడా రాదు. నీటిని వేడిచేయడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో చూశారా! అందుకే డాక్టరు సరేనంటే, ఆ రాత్రులు హీటరు ఆపాలి. పగలు సౌరఫలకంతో బ్యాటరీని మళ్ళీ నింపుకోవచ్చు.

మీ ఇంట్లో ఇలాంటి యంత్రం ఉందా? అది ఎన్ని వాట్లు తీసుకుంటుందో కనుక్కొని, తుపాను రాకముందే ఈ లెక్క కట్టండి.