ఆపరేషను అయింది, ఊపిరి రాలేదు – ఎందుకని?

“ఆపరేషను బాగానే జరిగింది గానీ, మత్తు డాక్టరు మందు ఎక్కువ ఇచ్చేశాడండీ. మా అక్కకి నాలుగు గంటలు ఊపిరి రాలేదు. నాకు మాత్రం ఆపరేషను వద్దు.”

ఈ మాటలన్న ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. నెలకు రెండుసార్లయినా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. ఆపరేషను తప్పదని సర్జను చెప్పి ఏడాది దాటింది. పదేళ్ళ క్రితం అక్కగారికి హడావిడిగా సిజేరియన్ చేయవలసి వచ్చిందట. బిడ్డ క్షేమంగా బయటపడింది, కుట్లు వేయడం కూడా అయింది. కాని తల్లి కన్ను తెరవలేదు, వేలు కదపలేదు. నాలుగు గంటలపాటు యంత్రంతో ఊపిరాడించారు. తర్వాత మామూలుగా లేచి కూర్చుంది. ఆ మత్తు డాక్టరు మీద ఆ ఇంట్లోవాళ్ళ కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

“అమ్మా, మీ అమ్మానాన్నలది మేనరికమా?” అని అడిగాను.

“అవునండీ, అమ్మకి నాన్న మేనబావే. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?”

సంబంధం ఉంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి కథ ఒకటి ఉండి ఉంటే, ఇక్కడినుంచి కాస్త నిదానంగా చదవండి.

పెద్ద ఆపరేషన్లలో రోగిని నిద్రపుచ్చాక గొంతులోనుంచి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేస్తారు. అందుకు కండరాలన్నీ క్షణాలమీద వదులైపోవాలి. ఈ పనికి 1951 నుంచీ వాడుకలో ఉన్న మందు సక్సినైల్‌కోలిన్. మన ఆసుపత్రుల్లో చాలామంది దీన్ని ‘స్కోలిన్’ అనే పిలుస్తారు. ఇది నరంలోకి ఎక్కిన నిమిషంలోపే కండరాలు పడిపోతాయి. ఊపిరి తీసే కండరాలు కూడా! ఆ కాసేపూ మత్తు డాక్టరే రోగికి ఊపిరి. అయిదు పది నిమిషాలలో మందు ప్రభావం పోతుంది, ఊపిరి తిరిగి వస్తుంది.

మరి ఆ మందును అంత త్వరగా తీసేసేది ఎవరు? మన రక్తంలోనే ఉన్న ఒక ఎంజైము. దాని పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. ల్యాబు కాగితాల మీద సూడోకోలినెస్టరేజ్ అనో, సీరం కోలినెస్టరేజ్ అనో ఉంటుంది. మూడూ ఒకటే. కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. విశేషమేమిటంటే, ఎక్కించిన మందులో చాలా భాగాన్ని ఇది దారిలోనే ముక్కలు చేసేస్తుంది. కండరందాకా చేరేది కొంచెమే. డాక్టర్లు ఇచ్చే మోతాదు కూడా ఆ లెక్క చూసుకునే ఇస్తారు. ఎంజైము లేని మనిషికి అదే మోతాదు ఇస్తే దాదాపు మొత్తం కండరాలమీదే పడుతుంది. పైగా దాన్ని విరగ్గొట్టే నాథుడు లేడు. మూత్రంలో మెల్లగా పోవాలి, లేదా తనంతట తాను విచ్ఛిన్నమవాలి. అందుకు రెండు గంటలు పట్టవచ్చు, ఆరు గంటలూ పట్టవచ్చు. డాక్టరు ఇచ్చింది సరైన మోతాదే! మందు ఎక్కువ కాలేదు, ఎంజైము తక్కువైంది.

ఇలాంటప్పుడు చేయవలసినదల్లా యంత్రంతో ఊపిరాడిస్తూ, రోగిని నిద్రలోనే ఉంచి, ఓపిగ్గా వేచి ఉండటం. నిద్రలోనే ఉంచాలి అని నొక్కి చెప్పడానికి కారణముంది. స్కోలిన్ కండరాలను కట్టేస్తుంది గాని తెలివిని కాదు. నిద్రమందు ముందే దిగిపోతే మనిషికి అన్నీ వినబడుతుంటాయి, రెప్పకూడా కదపలేడు. అంతకన్న భయంకరమైన అనుభవం మరొకటి ఉండదు. ఇతరుల ప్లాస్మా ఎక్కిస్తే అందులోని ఎంజైము పనిచేస్తుంది, నిజమే. కాని వేచి ఉంటే దానంతటదే తగ్గే దానికి ఇంకొకరి రక్తభాగం ఎక్కించడం దేనికి?

“సరే, ఆ ఎంజైము నాకుందో లేదో ఎలా తెలుస్తుంది?” అని అడిగింది ఆవిడ.

రక్తపరీక్షతో తెలుస్తుంది. అయితే ఎంజైములను ల్యాబులో మామూలుగా తూచరు, లెక్కపెట్టరు. అది చేసే పనిని కొలుస్తారు. పెళ్ళివారింటి వంటశాలలో గారెలు వేసేవాళ్ళు ఎందరున్నారో మీకు కనబడదనుకోండి. పది నిమిషాల్లో బుట్టలో ఎన్ని గారెలు పడ్డాయో లెక్కపెడితే చాలు, లోపల చేతులెన్నో తెలిసిపోతుంది. కాకపోతే రెండు షరతులు. నూనె వేడి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. పిండి అయిపోకూడదు. పిండి నిండుకుంటే ఎంతటి చేయితిరిగిన వంటమనిషైనా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే కదా!

ల్యాబులో జరిగేది కూడా ఇదే. చాలాచోట్ల నూనె వేడికి బదులు 37 డిగ్రీల ఉష్ణోగ్రత. పిండికి బదులు బ్యుటిరిల్‌థయోకోలిన్ అనే పదార్థం, కావలసినదానికన్న ఎక్కువగా పోస్తారు. ఎంజైము దాన్ని విరగ్గొట్టగా వచ్చిన ముక్క మరో రసాయనంతో కలిసి పసుపు రంగు తెస్తుంది. ఆ పసుపు ఎంత వేగంగా చిక్కబడుతున్నదో యంత్రం నిమిష నిమిషానికీ చూస్తుంది. 1961లో ఎల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు చూపిన దారి ఇది. ఫలితాన్ని లీటరుకు ఇన్ని యూనిట్లని రాస్తారు. పద్ధతి మారితే అంకెలూ మారతాయి కాబట్టి, ఒక ల్యాబు అంకెను మరో ల్యాబు అంకెతో పోల్చి బెంబేలు పడకండి. ఆ కాగితం మీదే అచ్చయిన మామూలు హద్దులు చూసుకోండి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. 1957లో కెనడాలో వెర్నర్ కాలో అనే వైద్యశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరుడు కలిసి కనిపెట్టినది. డైబ్యుకేన్ అనే తిమ్మిరిమందు ఈ ఎంజైము పనికి అడ్డుపడుతుంది. మంచి ఎంజైమయితే నూటికి 80 వంతులు ఆగిపోతుంది. లోపమున్న ఒక రకం ఎంజైమయితే 20 వంతులే ఆగుతుంది. తల్లిదండ్రులలో ఒకరి దగ్గరనుంచి మంచిదీ, మరొకరినుంచి లోపమున్నదీ వచ్చినవారికి 60 దగ్గర ఉంటుంది. తమాషా చూశారా! ఇక్కడ అడ్డుపెడితే ఆగిపోయేదే మంచి ఎంజైము, మొండికేసేది చెడ్డది.

ఈ లోపం పుట్టుకతో వచ్చేది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి రెండూ కలిస్తేనే గట్టి ఇబ్బంది. దగ్గరి సంబంధాలు చేసుకునే ఇళ్ళలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. నేను మేనరికం సంగతి అడిగింది అందుకే. 2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, విదేశీ సహచరులతో కలిసి, వైశ్య సమాజంలో ఈ లోపానికి మూలమైన మార్పును బయటపెట్టారు. ఎంజైము గొలుసులో 307వ పూస లూసిన్ కావలసింది, దాని చోట ప్రోలిన్ వచ్చి చేరింది. అంతే తేడా! వీరిలో ఈ లోపం ఇతర జనంలోకన్న ఎన్నో రెట్లు ఎక్కువ. రెండువైపులనుంచీ ఈ మార్పు వచ్చినవారిలో ఎంజైము పని దాదాపు శూన్యం. ఆపడానికే ఏమీ ఉండదు కనుక డైబ్యుకేన్ అంకె అక్కరకు రాదు, మామూలు కోలినెస్టరేజ్ పరీక్షే చాలు. అలాగని ఇది ఒక కులం జబ్బు అనుకోవద్దు. అన్ని దేశాలలో, అన్ని కులాలలో ఉంది. అసలు జబ్బే కాదు. ఎంజైము లేనివాళ్ళు నిండు నూరేళ్ళూ హాయిగా బతుకుతారు. పథ్యం లేదు, టానిక్కు లేదు. ఆ సూదిమందు పడినరోజే తేడా.

పుట్టుకతో లోపం లేకపోయినా ఎంజైము తగ్గే సందర్భాలున్నాయి. కాలేయం చెడినప్పుడు, తిండి చాలక చిక్కిపోయినప్పుడు తగ్గుతుంది. గర్భిణులలో కూడా కొంత తగ్గుతుంది. ఇవి సాధారణంగా ప్రమాదందాకా రావు. పురుగుమందుల సంగతి వేరు. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఈ ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. నరాల దగ్గర ఉండే దీని తోబుట్టువు ఎంజైమును కూడా పట్టుకుంటాయి. ప్రాణాలు పోయేది దానివల్లే. పురుగుమందు మింగినవారికి ఆసుపత్రిలో ముందుగా రాసే పరీక్షలలో కోలినెస్టరేజ్ ఒకటి. కాలేయం కొత్త ఎంజైము తయారుచేసి లోటు తీర్చడానికి వారాలు పడుతుంది. కాబట్టి పొలంలో మందుకొట్టి వచ్చిన మనిషికి ఆ నెలలోనే ఆపరేషను పడితే, ఆ ముక్క మత్తు డాక్టరు చెవిన వేయడం మరచిపోవద్దు.

ఇక భయపడనక్కరలేని చోట్లు కూడా చెప్పాలి. పంటి డాక్టరు మామూలుగా ఇచ్చే లిగ్నోకెయిన్ సూదికీ, వెన్నులో ఇచ్చే బ్యుపివకెయిన్ సూదికీ ఈ ఎంజైముతో పనిలేదు. పూర్తి మత్తు కావలసివచ్చినా రోక్యురోనియం వంటి వేరే మందులున్నాయి. మత్తు డాక్టరుకు ముందుగా తెలిస్తే స్కోలిన్‌నూ, ఇదే ఎంజైముమీద ఆధారపడే మివాక్యురియంనూ పక్కన పెడతారు. కొందరికి మూర్ఛ వచ్చేలా కరెంటు ఇచ్చే మానసిక చికిత్సలో కూడా స్కోలిన్ వాడతారు. అక్కడా చెప్పాలి.

ఆవిడకు పరీక్ష రాశాను. అక్కగారిని కూడా తీసుకురమ్మన్నాను. ఇద్దరికీ ఎంజైము పని అడుగంటినట్లే వచ్చింది. పేరు, ఫలితం, ‘స్కోలిన్ ఇవ్వరాదు’ అన్న మాట రాసిన అట్ట ఒకటి చేయించి ఎప్పుడూ చేతిసంచిలో ఉంచుకోమన్నాను. పిత్తాశయం ఆపరేషను వేరే మందుతో జరిగింది, బల్లమీదే కళ్ళు తెరిచింది. పోయినవారం కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు, అక్కగారికి ఆపరేషనప్పుడు మత్తిచ్చిన డాక్టరు ఇప్పుడెక్కడున్నాడో కనుక్కుంటున్నామని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. తోబుట్టువులలో ఇంకా చిన్నతమ్ముడి పరీక్ష మిగిలింది. ముప్పై అయిదేళ్ళవాడు, సూదంటే భయమట.