నవ్వు వెనుక గాయం

హాస్యమనగా కేవలం కాలక్షేపమని తలచువారికి ‘డాడ్స్ ఆర్మీ’ తగిన సమాధానం. 1968 నుండి 1977 వరకు బి.బి.సి. టెలివిజన్ ప్రసారం చేసిన ఈ హాస్య నాటకమాలకు వస్తువు, రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇంగ్లండులో ఊరికావలికి పూనుకొన్న వృద్ధుల దళం.

అందులో సాధుస్వభావుడైన గాడ్‌ఫ్రే పాత్ర ధరించిన ఆర్నాల్డ్ రిడ్లీకి ఆరంభంనాటికి 72 ఏండ్లు. 1916లో సోమ్ రణరంగాన తీవ్రంగా గాయపడి, ఎడమచేతి పటుత్వం కోల్పోయిన సైనికుడాయన. పిమ్మట ‘ది గోస్ట్ ట్రెయిన్’ నాటకకర్తగా ప్రసిద్ధి కెక్కారు.

1969 నాటి ఒక భాగంలో, మొదటి యుద్ధాన ఆయుధం పట్టనన్న గాడ్‌ఫ్రేను తోడివారు పిరికివాడని ఈసడిస్తారు. అదే సోమ్ రంగాన, గుండ్లవానలో క్షతగాత్రులను కాపాడి ఆయన శౌర్యపతకం పొందినట్లు పిదప తెలిసి సిగ్గుపడతారు.

ఆ రంగాన్ని స్వయంగా చూచిన వృద్ధుడే ఆ పాత్ర ధరించారని ఎరిగినవారికి, నవ్వుతోపాటు కన్నులు చెమర్చక మానవు.