పల్లెలో ఖర్చేముంది?



"పల్లెలో ఖర్చేముందండీ? గాలి ఉచితం, బియ్యం కోటాలో వస్తాయి, ఆకుకూర పెరట్లోనే ఉంటుంది." ఈ మాట మేము వార్డులో ఎన్నిసార్లు విన్నామో చెప్పలేం. హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ అమ్మానాన్నలను చూడడానికి వచ్చిన పిల్లలు అంటూ ఉంటారు. నిజం చెప్పాలంటే మేమూ అన్నాం. కొన్నేళ్ళ క్రితం ఒక వర్షాకాలంలో జరిగిన సంగతి తరువాత అనడం మానేశాం.

తుని మామిడి మార్కెట్లో బుట్టలు మోసి లారీలకు ఎత్తే పని చేసే ఒక అయ్యను ఆటోలో తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. బీపీ చూస్తే పై అంకె రెండు వందలు దాటింది. పాత రికార్డు తీసి చూశాం. మూడేళ్ళుగా మన ఓపీకి క్రమంగా వస్తున్నవాడే. ఆషాఢమాసం నుంచి మాత్రం రాలేదు. బిళ్ళలు ఆపేశాడని అర్థమైంది. డాక్టరుగారు చూసి వెళ్ళాక ఆయన భార్యను పక్కకు పిలిచి గట్టిగానే కేకలేశాం. రోజుకు రెండు బిళ్ళలు వేసుకోవడానికి అంత బద్ధకమా, ఎన్నిసార్లు చెప్పాం అని.

ఆవిడ తల వంచుకుని అంతా విన్నది. తరువాత మెల్లగా, "బద్ధకం కాదండి సిస్టరమ్మగారూ. కాయ అయిపోయాక మార్కెట్లో పని లేదండి. చిన్నదాని ఫీజు కట్టాలండి. బిళ్ళలకి నెలకి ఆరొందలు పైన అవుతున్నాయండి. ఆయనకి నొప్పేమీ లేదు కదాని, పని దొరికాక కొందాంలే అనుకున్నామండి. ఎంతవుతుందో మీరెప్పుడూ అడగలేదు కదండి" అంది.

మేము చీటీ తీసుకుని చూశాం. మూడు రకాలున్నాయి. అన్నీ పెద్ద పేరున్న కంపెనీల మందులే. అందులో ఒకటి "బలానికి" రాసిన విటమిను. ఆ చీటీ రాసింది బయటివారు కాదు, మన ఆసుపత్రే. "ఒక్కరోజు కూడా మానొద్దు" అని చదివి చెప్పి పంపింది మేమే. వాటి ధర మాకు తెలియదు. ముప్పై ఏళ్ళు నర్సింగు చేసి కూడా ఆ ప్రశ్న అడగాలని తోచలేదు.

మన మెట్ట లెక్క వేరు

తూర్పు గోదావరి అనగానే కాలువలు, కొబ్బరితోటలు, మూడు కాలాలూ పచ్చదనం అనుకుంటారు దూరం వాళ్ళు. అది డెల్టా. 1852లో పూర్తయిన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పారిన డెల్టా కాలువలు తుని దాకా రాలేదు. మనది మెట్ట. తాండవ నీళ్ళు అందినచోట వరి, చెరకు. మిగతాచోట మామిడి, జీడి. ఏటి అవతల పాయకరావుపేట వైపు తమలపాకు తోటలు. తొండంగి వైపు వెళితే సముద్రం మీద బ్రతికే కుటుంబాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి మనం కాకినాడ జిల్లా వాళ్ళమయ్యాం. ఏరు దాటితే అనకాపల్లి జిల్లా. పేర్లు మారాయి కాని వానాకాలంలో చేతిలో డబ్బు ఆడకపోవడం మారలేదు.

ఎండాకాలంలో మన దగ్గర డబ్బు కనిపిస్తుంది. మామిడి కోత, జీడి పని, బుట్టల మోత, లారీలు. ఉపాధి హామీ పనులు కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే దొరికేవి. 2024-25లో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. జూన్ దాటేసరికి అన్నీ ఒకేసారి ఆగుతాయి. అదే నెలలో బడులు తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే ఆ కుటుంబం బాగానే బ్రతుకుతున్నట్లు కనిపిస్తుంది. కాని ఎవరూ సగటు నెలలో బ్రతకరు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం గడిస్తేనే సంవత్సరం గడిచినట్లు.

ఆ మూడు నెలల్లో బీపీ, సుగరు ఓపీలో బెంచీలు ఖాళీ అవడం మేము ఏటా చూస్తున్నాం. పూర్వం వానలకు భయపడి రావడం లేదనుకునేవాళ్ళం. వాళ్ళే మళ్ళీ దసరా దాటాక వస్తారు, అయితే ఓపీకి కాదు, వార్డుకి. కాలి పుండుతోనో, ముఖం కాళ్ళు వాచిపోయో, పక్షవాతంతోనో. (మామిడి కాలంలో సుగరు ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పనక్కర లేదు. సువర్ణరేఖ ముందు పెట్టుకుని ఒక్క ముక్కతో ఆగినవారిని మేము ఇంకా చూడలేదు, మా స్టాఫుతో సహా.)

ఏది ముందు మానేస్తాం?

2022-23లో కేంద్ర ప్రభుత్వం చేసిన కుటుంబ వ్యయ సర్వేలో మన రాష్ట్రం పల్లెల్లో ఒక మనిషికి నెల ఖర్చు సగటున 4,870 రూపాయలని తేలింది. దేశం మొత్తం మీద పల్లెల సగటు 3,773. తిండి మీద పెట్టేది వందకు 46 రూపాయలే. 1999-2000లో అది 59 ఉండేది. కూడు కోసమే సంపాదన అయిపోయే రోజులు కొంత వెనకబడ్డాయన్నమాట. అందుకు దేవునికి స్తోత్రం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి సంతోషం పెద్దవారికి గుర్తుంటుంది. 2023 జనవరి నుంచి కార్డు బియ్యం ఉచితమే.

అదే సర్వేలో మరొక సంగతి ఉంది. పల్లెల్లో వందలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వంటి వాటికి 5 రూపాయలు పోతుంటే, టీలు, కూల్‌డ్రింకులు, బిస్కట్లు, పొట్లాల చిరుతిళ్ళకు దాదాపు 10 రూపాయలు పోతోంది. అన్నానికి పెట్టేదానికి రెట్టింపు! చోళ్ళ అంబలి, మునగాకు, కవ్వళ్ళ పులుసు మన ఇళ్ళలో చౌకగా దొరికే బలమైన ఆహారం. పసిపిల్లల చేతిలో రంగు పొట్లం పెట్టి, రక్తం తక్కువుందని మా దగ్గరకు తీసుకొస్తే మేమేం చెప్పగలం? ఎండు నెత్తళ్ళు, ఆవకాయ మాత్రం బీపీ ఉన్నవారు తగ్గించుకోవాలి. మనిషికి రోజుకు అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచా ఉప్పు చాలు.

వైద్యానికి వందలో 7 రూపాయల దాకా పోతోంది. అందులో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరినందుకు కాదు, బయట మందులకు, ఫీజులకు. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో ఉన్న పథకం గుండె ఆపరేషన్ వంటి పెద్ద ఆపదలో ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కాని నెల నెలా కొనే బిళ్ళ అందులోకి రాదు. వెంట వచ్చినవారి కూలి, తిండి ఏ కార్డూ ఇవ్వదు. కాకినాడ అరవై కిలోమీటర్ల పైన, విశాఖపట్నం దాదాపు వంద. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేకపోవడం ఒక్కటే ఇందులో కొంచెం ఊరట.

చేతిలో డబ్బు ఆడనప్పుడు మనం ఏది మానేస్తాం? అన్నం మానం. పిల్లల ఫీజు మానం. పెళ్ళి చదివింపులు అసలు మానం, పరువు కదా. సెల్‌ఫోన్ రీఛార్జి మానం. నొప్పి లేని జబ్బుకు వేసుకునే మందు మానేస్తాం. పంటినొప్పికి అప్పు చేసయినా పరుగెత్తుతాం. బీపీ నొప్పి పెట్టదు. సుగరు మొదట్లో నొప్పి పెట్టదు. అందుకే అవి ఇంటి లెక్కలో చివరి వరసలో ఉంటాయి.

ఇక చుట్ట సంగతి. సముద్రం వైపు నుంచి వచ్చే పెద్దమ్మలు కొందరు ఇంకా అడ్డపొగ తాగుతున్నారు. నిప్పు లోపల పెట్టుకుని తాగే ఆ అలవాటు వల్ల అంగిలికి పుండు, తరువాత కాన్సరు వస్తాయి. బిళ్ళకు డబ్బు లేదన్న అమ్మ కొంగుముడిలో చుట్టలు కనిపించినప్పుడు మాకు కోపం వస్తుంది. ఇప్పుడు ముందు కోపం దిగమింగి, నోరు తెరవమని అంగిలి చూస్తాం.

ఆ కుటుంబం అప్పు

ఆ అయ్య భార్య మన దగ్గర ఉన్నప్పుడే ముప్పై వేలు అప్పు తెచ్చింది. నూటికి ఐదు రూపాయల వడ్డీ. 2010 నాటి మైక్రోఫైనాన్సు గొడవలు, ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు మీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. అవన్నీ అయ్యాక కూడా రాత్రిపూట ఆపద వస్తే చేతికందేది వీధిలో వడ్డీకిచ్చేవారే. ముప్పై వేలకు నెలకు పదిహేను వందలు వడ్డీ. ఏడాదికి పద్దెనిమిది వేలు. అసలు అలాగే ఉంటుంది. ఆ మనిషి మళ్ళీ బుట్ట ఎత్తలేడు.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లోనూ, జనరిక్ మందులు అమ్మేచోటా ఆయనకు నిజంగా అవసరమైన రెండు రకాల బీపీ బిళ్ళలు కలిపి నెలకు వంద రూపాయల లోపే వస్తాయి. మందు అదే, పేరే వేరు. అంటే ఏడాదికి పన్నెండు వందల లోపు. ఒక్క నెల వడ్డీ డబ్బుతో సంవత్సరం మందులు వచ్చి ఇంకా మిగిలేవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయితే మామూలు బీపీ, సుగరు బిళ్ళలు డబ్బులేకుండానే ఇస్తారు. ఈ లెక్క మేము మూడేళ్ళ ముందే ఆ ఇంటివారికి కాగితం మీద వేసి చూపించవలసింది.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలిసినదే. మేము రోగికి చికిత్స రాసి, లెక్క చూసుకోవడం మరిచాం. అప్పటి నుంచి డిశ్చార్జి చేసేటప్పుడు మా సిస్టర్లు అడిగే ప్రశ్నల్లో ఒకటి పెరిగింది. "ఈ మందులు నెలకు ఎంతకు కొంటారు? ఆషాఢంలో ఎలా కొంటారు?" మొదట్లో కొందరికి ఇది అవమానంగా అనిపించింది. గుచ్చి గుచ్చి అడగకండి, మెల్లగా అడగండి అని మా పిల్లలకు నేర్పవలసి వచ్చింది. డాక్టరుగార్లతో కూడా మాట్లాడాం. చీటీలో బలం మందులు చాలావరకు తగ్గాయి.

మన సంఘాల్లో పిడికెడు బియ్యం అలవాటు ఉండేది. స్త్రీల సమాజం అమ్మలు అత్తెసరు పెట్టే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఇంట్లో ఎవరి కడుపూ మాడలేదు, ఆదివారానికి కానుక తయారయ్యేది. ఆ పద్ధతిలోనే మందుల డబ్బా పెట్టమని చెబుతున్నాం. రోజుకు మూడు రూపాయలు. ఒక టీ డబ్బులో మూడో వంతు కూడా కాదు. పింఛను వచ్చే పెద్దవారు, 2024 జూలై నుంచి అది నాలుగు వేలయింది కదా, ఒకటో తేదీనే మనవల చేతికి ఇచ్చేముందు బిళ్ళలు కొనుక్కోండి. మార్కెట్ పనివాళ్ళు డాక్టరుగారిని అడిగి, మామిడి డబ్బు చేతిలో ఉన్నప్పుడే వచ్చే మూడు నెలల మందు కొని పెట్టుకోవచ్చు. గడువు తేదీ చూసి కొనండి. వాన తడి తగలని చోట పెట్టండి.

సంఘ పెద్దలు కోపగించుకోకపోతే ఒక మాట. క్రిస్మస్‌కు కొత్త బట్టలు, పందిళ్ళు, పెళ్ళిలో ఊరంతటికీ భోజనాలు అప్పు చేసి పెట్టే ఇళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నాయి. పులిపిటు మీద నుంచి అయ్యగారు ఒక్కమాట చెబితే మా పది ఆరోగ్య ప్రసంగాల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. నాలుగున్నర గంటల లోపల తగిన ఆసుపత్రికి చేరితే కొందరికి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వవచ్చు. పావురం నెత్తురు పూస్తూ తెల్లవారేదాకా ఆగకండి. ఆ అయ్యను అలాగే ఒక రాత్రంతా ఉంచారు.

ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మాట చాలావరకు వచ్చింది. ఆవిడ తమలపాకు తోటలో పంతాలు కట్టే పనికి వెళుతోంది. అప్పు ఇంకా తీరలేదు. వర్షాకాలంలో కూడా నెల తప్పకుండా వస్తున్నారు. చీటీ చేతికివ్వగానే ఆవిడ ముందు ధర అడుగుతుంది.

మీరూ ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు వాడుతున్న బిళ్ళల అట్టలు, మందుల షాపు బిల్లు వెంట తీసుకురండి. బీపీ చూసే బల్ల దగ్గర కూర్చున్న సిస్టరుకు చూపించండి. ఏది తప్పనిసరో, ఏది తక్కువలో దొరుకుతుందో డాక్టరుగారిని అడిగి చెబుతారు. దీనికి వేరే ఫీజు ఏమీ లేదు.