పొట్లముమీది మాటకు పూచీ ఎవరిది?

పసిబిడ్డకు విరేచనములు పట్టుకొన్నప్పుడు ముందుగా చేయవలసిన పని, దేహమునుండి పోయిన నీటిని, లవణములను తిరిగి దేహమునకు చేర్చుట. అందులకై వైద్యులు ఓ.ఆర్.ఎస్. ద్రావణమును సూచింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన ప్రమాణము ననుసరించి, ఒక లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉండవలెను. ఈ పాళ్లు ఊరక ఏర్పడినవి కావు. గ్లూకోజు తోడుగా ఉన్నప్పుడు ఉప్పు పేగుల గోడగుండా రక్తములోనికి సులభముగా చేరును. ఉప్పు వెంట నీరును పోవును. చక్కెర మితిమీరినచో దీనికి విరుద్ధముగా జరుగును. దేహములోని నీరు పేగులలోనికి దిగి, విరేచనములు మరింత హెచ్చును.

తల్లి ఈ లెక్కలను కొలిచి చూడజాలదు. ఆమె పొట్లముమీది మూడక్షరములను చూచి, వానిని నమ్మి కొనును. ఆ నమ్మకమే ఇచ్చట ప్రధానమైన విషయము.

ఒక పేరు వలన కలిగిన చిక్కు

కొన్ని పానీయములు పై ప్రమాణమునకు సరిపోకున్నను, తమ వ్యాపారనామములో ఓ.ఆర్.ఎస్. అను అక్షరములను చేర్చుకొని అమ్ముడుపోయెను. “ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ద్రావణము కాదు” అని డబ్బాపై ముద్రించినచో అట్టి పేరు పెట్టుకొనవచ్చునని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 జూలైలోను, 2024 ఫిబ్రవరిలోను ఉత్తరువు లిచ్చియుండెను. అయితే పేరు పెద్ద అక్షరములలో కనబడును. హెచ్చరిక చిన్న అక్షరములలో అణగియుండును. బిడ్డ నీరసించిపోవుచుండగా ఆ చిన్న అక్షరములను వెదకి చదువు తల్లిదండ్రు లెందరు?

హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టరు శివరంజనీ సంతోష్ ఈ విషయమై పెక్కు సంవత్సరములు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరు 14వ తేదీన ఆ సంస్థ తన పూర్వపు ఉత్తరువులను ఉపసంహరించుకొనెను. ఆహార పానీయముల పేర్లలో ముందుగాని వెనుకగాని ఓ.ఆర్.ఎస్. అను మాటను చేర్చరాదని ఆదేశించెను.

చట్టము చెప్పునది

ఆరోగ్య విషయమైన ప్రకటనలను అదుపులో ఉంచుట మన దేశమునకు క్రొత్త కాదు. మధుమేహము, క్యాన్సరు మొదలగు వ్యాధులను నయము చేయుదుమనియు, పొడవు పెంచుదుమనియు ప్రచారము చేయుటను అద్భుత చికిత్సల ప్రకటనలకు సంబంధించిన 1954వ సంవత్సరపు చట్టము నిషేధించెను. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము ఆహారపదార్థములపై తప్పుదారి పట్టించు ప్రకటనలకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఏర్పరచెను.

2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ఈ నియమములను సకల వస్తువులకును, సేవలకును విస్తరింపజేసెను. దాని ననుసరించి 2020 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడెను. తప్పుదారి పట్టించు ప్రకటనను ఆపివేయుటకును, 10 లక్షల రూపాయల వరకు, తప్పు మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా వేయుటకును దానికి అధికారము కలదు. ప్రకటనలో కనబడి వస్తువును మెచ్చుకొను ప్రముఖులు కూడ, ఆ మాటల నిజానిజములను ముందుగా విచారించుకొననిచో జరిమానాకు పాత్రులగుదురు. ఒక ఏడాదిపాటు అట్టి ప్రకటనలలో పాల్గొనరాదని వారిని నిషేధింపవచ్చును.

2022లో వెలువడిన మార్గదర్శక సూత్రములలో ఒకటి మిక్కిలి గమనింపదగినది. ప్రకటనలోని పెద్ద మాట తప్పుదారి పట్టించునదైనచో, దానిని క్రింద వ్రాసిన చిన్న మాటతో సరిదిద్దబూనుట చెల్లదు. వివరణము అసలు మాట ఉన్న భాషలోనే ఉండవలెను. తెలుగులో పొగిడి, ఇంగ్లీషులో హెచ్చరించుట తగదు.

“పచ్చదనము” పేరిట చెప్పు మాటలు

ఇప్పుడు పెక్కు సంస్థలు తమ సరకు ప్రకృతికి హాని చేయదని చాటుచున్నవి. ఇదియు ఆరోగ్యమునకు సంబంధించిన మాటయే. ఒక సంచి మట్టిలో కలిసిపోవునని నమ్మిన కుటుంబము దానిని నిశ్చింతగా పారవేయును. అది నిజము కానిచో మురుగుకాలువ పూడి నీరు నిలుచును, దోమలు పెరుగును. సంచిని తగులబెట్టినచో విషపు పొగ వెలువడును.

అందుచేత 2024 అక్టోబరులో కేంద్ర ప్రాధికార సంస్థ ఈ విషయమై ప్రత్యేక మార్గదర్శక సూత్రములను ప్రకటించెను. “పర్యావరణహితము”, “సహజము” వంటి మాటలను తగిన ఆధారము, వివరణము లేక వాడరాదు. ఆ గుణము సరకంతటికిని చెందునదా, పై పొట్లమునకు మాత్రమే చెందునదా, తయారుచేయు పద్ధతికి చెందునదా అన్నది స్పష్టము చేయవలెను. మట్టిలో కలియుననిగాని, తిరిగి వాడవచ్చుననిగాని చెప్పినచో శాస్త్రీయ నిదర్శనమో, నమ్మదగిన ధ్రువపత్రమో చూపవలెను. రాబోవు కాలమునుగూర్చి వాగ్దానము చేయువారికి, దానిని నెరవేర్చు స్పష్టమైన ప్రణాళిక ఉండవలెను.

కావున ప్రకటన వ్రాయువారు ఇకమీదట తమ ప్రయోగశాల వారిని అడుగక కలము కదుపుట క్షేమము కాదు. నిజాయితీగల వ్యాపారికి ఈ నియమములవలన మేలే కలుగును. వట్టి మాటలు చెప్పువానితో అతడు పోటీపడవలసిన అగత్యము తగ్గును.

ప్రజలు చేయదగినవి

సరకు కొనునప్పుడు ముందువైపు బొమ్మతో తృప్తిపడక, వెనుకవైపు గల పదార్థముల పట్టికను, చక్కెర పరిమాణమును చూడవలెను. బిడ్డకు విరేచనములైనప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి గాని, ఆశా కార్యకర్తనుండి గాని ఓ.ఆర్.ఎస్. పొట్లము తీసికొని, దానిపై చెప్పినంత నీటిలో కలిపి త్రాగించవలెను. తల్లిపాలు మానిపింపరాదు. బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగజాలకున్నను, మలములో రక్తము కనబడినను వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

మోసకరమైన ప్రకటన కనబడినచో దానిని, పొట్లమును, కొనుగోలు రసీదును భద్రపరచవలెను. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుపవచ్చును. జిల్లా కలెక్టరుకును ఫిర్యాదు వ్రాయవచ్చును. హైదరాబాదు వైద్యురాలి పట్టుదల మూడక్షరములను సరిదిద్దగలిగెను. పొట్లముమీది మాటకు పూచీ దానిని వ్రాసినవానిదే; ఆ పూచీని అడుగు హక్కు మాత్రము కొనువారందరిదియు.