పూటకో అమ్మ

“ముఖచిత్రానికి ఏనుగు పిల్లలు బ్రహ్మాండంగా ఉంటాయి. గురువారం సాయంత్రానికి కాపీ పంపెయ్యండి” అన్నారు ఎడిటర్ గారు. ఫొటోలకు ఢోకా లేదు. నైరోబీ నేషనల్ పార్కు అంచున ఉన్న షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు అనాథాశ్రమంలో సెల్‌ఫోను ఎటు తిప్పినా బొమ్మే. తాడు కట్టిన ఆవరణ, ఎర్రటి బురద గుంట, పొదల్లోంచి పాలసీసా కోసం పరుగున వచ్చే గున్నలు, వాటి వెంట పొడవాటి ఆకుపచ్చ కోట్లలో కీపర్లు. ముద్దొచ్చే జంతువును చూపించి చందా అడిగే చోట్లంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ జనం ఫొటోలు తీసుకునే ఆ గంటను వదిలేసి నేను పట్టుకున్నది మరొకటి: కీపర్ల రాత్రి డ్యూటీల పద్ధతి.

ఇక్కడ పసిగున్న ఒంటరిగా పడుకోదు. దాని కొట్టంలోనే ఒక కీపర్ పడుకుంటాడు. మూడేసి గంటలకోసారి లేచి పాలు పడతాడు, దుప్పటి జారితే మళ్లీ కప్పుతాడు. మర్నాటి రాత్రి ఆ మంచం మీద ఇంకో కీపర్ ఉంటాడు. ఏ గున్నకూ ఫలానా మనిషి అంటూ ఉండకూడదన్నది ఇక్కడ నియమం. వినడానికి కాస్త కఠినంగానే ఉంది. దాని వెనక ఆయిషా అనే గున్న కథ ఉంది.

ఈ ట్రస్టు పెట్టిన డాఫ్నీ షెల్డ్రిక్ ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది పాలతోనే. ఆవుపాలలోని కొవ్వు ఏనుగు పిల్లకు అరగదు. పాలు మరవని పసిగున్నలు ఆమె చేతుల్లోనే పోతుండేవి. ఆఖరికి కొబ్బరినూనె కలిసిన పసిపిల్లల పాలపొడి ఒకటి పనిచేసింది. 1974లో ఆ పాలతోనే ఆయిషా నిలదొక్కుకుంది. దానికి ఆర్నెల్లు వచ్చాయి. ఇక గండం గడిచిందనుకుంటున్న వేళ కూతురి పెళ్లికని డాఫ్నీ ఊరు దాటింది. అంతే, ఆయిషా పాలు ముట్టడం మానేసింది. ఆమె తిరిగొచ్చేసరికి చిక్కి శల్యమైపోయి, ఆమె ఒళ్లోనే కన్నుమూసింది. పాలు దొరికాయి గానీ పిల్ల దక్కలేదు. ఏనుగు పిల్లకు ప్రేమ కావాలి, అయితే అది ఒక్కరి దగ్గరే ఉండకూడదన్న లెక్క అప్పుడే తేలింది. మందలో తల్లితో పాటు పిన్నులు, అక్కలు కలిసి పెంచుతారు కదా. ఇప్పుడు ఆ పాత్రలన్నీ కీపర్లవి.

పాలు పట్టే తీరు చూడండి. దుప్పటిని నిలువుగా వేలాడదీస్తారు. గున్న తొండాన్ని దానికి ఆనించి కాసేపు తడుముతుంది. తల్లి పొట్ట అనుకుంటుంది కాబోలు, అప్పుడు గానీ సీసా అందుకోదు. మరీ పసివాటి చెవులకు ఎండ తగలకుండా క్రీము రాస్తారు. అడవిలో అయితే తల్లి నీడలో నడిచే వయసది.

నాకు అన్నిటికన్నా నచ్చినవి కీపర్ల డైరీలు. వాటిని ట్రస్టు అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఎవరు ఎవర్ని బురదలోకి తోశారు, ఎవరు సీసా దొంగిలించారు, కొత్తగా వచ్చిన పిల్ల దగ్గరకు ఏ పెద్ద గున్న వెళ్లి నిలబడింది... ఉమ్మడి కుటుంబంలో అత్తాకోడళ్ల ముచ్చట్లలా ఉంటాయవి. చందా కరపత్రంలో లేని నిజాయితీ వాటిలో ఉంది.

చరిత్ర గబగబా: త్సావో ఈస్ట్ పార్కు తొలి వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్ 1977లో పోయారు. ఆయన పేరిట భార్య డాఫ్నీ ట్రస్టు పెట్టారు. 2018లో ఆమె కూడా వెళ్లిపోయాక కూతురు ఏంజెలా చూసుకుంటున్నారు. దంతాల వేటతో కెన్యా ఏనుగుల సంఖ్య 1980ల చివరికి 20 వేల లోపుకు పడిపోయింది. 1989లో అంతర్జాతీయంగా దంతాల వ్యాపారాన్ని నిషేధించారు. 2021 లెక్కల్లో 36,280 తేలాయి.

అన్ని వేల ఏనుగుల్లో సీసాపాలతో పెరిగేవి ఎన్ని? జాతిని కాపాడేది పాలసీసా కాదు. వేటగాళ్ల ఉచ్చులు ఏరే బృందాలు, నీటి గుంటలు, కరెంటు కంచెలు కాపాడతాయి. 2022 కరువులో కెన్యాలో తొమ్మిది నెలల్లో 205 ఏనుగులు చచ్చిపోయాయి. ఉచ్చులు ఏరడం, నీళ్లందించడం లాంటి పనులూ ట్రస్టు చేస్తోంది గానీ ఫొటో బాగా వచ్చేది గున్నకే, డబ్బు వచ్చేదీ దాన్ని చూసే. కాబట్టి ఆ గంట ప్రదర్శనను నేను తప్పుపట్టను, మురిసిపోనూ మురిసిపోను.

మూడేళ్లు దాటాక గున్నల్ని త్సావో వైపు ఇథుంబా, వోయి కేంద్రాలకు తరలిస్తారు. అక్కడ పగలు అడవి ఏనుగులతో తిరిగి, సాయంత్రం కొట్టానికి వస్తాయి. ఏదో ఒకనాడు రావడం మానేస్తాయి. కొన్ని ఏళ్ల తర్వాత సొంత పిల్లను వెంటబెట్టుకుని కీపర్ల దగ్గరకు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

వెళ్లాలనుకుంటే

సందర్శన రోజూ ఉదయం 11 నుంచి 12 దాకానే. ముందే బుక్ చేసుకోవాలి. ఏడాదికి 50 డాలర్లతో ఒక గున్నను దత్తత తీసుకోవచ్చు. ఎక్కువ గున్నలకు అవి దొరికిన చోటి పేరే పెడతారు. ఏనుగులు కాని అనాథల్లో ప్రసిద్ధుడు మ్యాక్స్‌వెల్, పుట్టుగుడ్డి నల్ల ఖడ్గమృగం. చూపు లేదు కనుక అడవికి పంపలేదు. గున్నలు తాడు దగ్గరకొచ్చి ఒళ్లు రుద్దుతాయి. తెల్లబట్టలు వద్దు.