లెక్కలా... మీ నాన్ననడుగు!

పరీక్షల రోజులొచ్చాయంటే మన ఇళ్ళల్లో రాత్రిపూట తప్పకుండా వినబడే మాట ఒకటుంది. పదో తరగతి పిల్ల నోటుబుక్కు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వస్తుంది. "అమ్మా, ఈ లెక్క..." అని ఇంకా పూర్తి చెయ్యనైనా చెయ్యదు, మనం అనేస్తాం: "నాకు లెక్కలు రావే తల్లీ, మీ నాన్ననడుగు." తెలుగైతే మనమే చెబుతాం. సోషలైతే మనమే అప్పజెప్పించుకుంటాం. సైన్సు బొమ్మలు కూడా వేసిపెడతాం. లెక్కల పుస్తకం కనబడితే మాత్రం చేతులు కొంగుకి తుడుచుకుంటూ తప్పుకుంటాం. నాన్నగారు ఇల్లు చేరేసరికి తొమ్మిది. ఆయనకీ గుర్తులేకపోతే ఇక ట్యూషనే గతి.

ఈ మాట మగపిల్లాడు విని మర్చిపోతాడేమో గానీ, ఆడపిల్ల మర్చిపోదు. అమ్మకి రాదు, అమ్మమ్మకీ రాదు, ఇక నాకేం వస్తుందిలే అనుకుంటుంది. మా పెద్దమ్మ చదువుకునే రోజుల్లో హైస్కూల్లో కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అని రెండు దారులుండేవి. "ఆడపిల్లవి, నీకు జనరల్ చాల్లే" అన్నారట ఇంట్లో. ఆ దారులు పోయాయి గానీ, సీబీఎస్‌ఈ వాళ్ళు 2020 పరీక్షల నుంచి స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాల లెక్కల పేపర్లు పెట్టారు. స్టేట్ సిలబస్ పిల్లలకి పది కాగానే ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్న ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. డాక్టరు కావాలని బైపీసీ తీసుకోవడం వేరు, లెక్కలకి జడిసి తీసుకోవడం వేరు. పోనీ పాలిటెక్నిక్‌కి వెళదామన్నా, ఆ ప్రవేశపరీక్షలో లెక్కలదే పెద్ద వాటా.

నేనేమీ లెక్కల్లో దిట్టని కాను. చదివింది బి.ఏ., రాసేది కథలు. నా లెక్కల చదువు పదో తరగతితోనే సరి. మా అమ్మాయి పదిలోకి వచ్చాక పక్కింటి పిల్ల, ఎదురింటి పిల్ల కూడా మా డైనింగ్ టేబుల్ దగ్గర చేరడం మొదలుపెట్టారు. కూరగాయలు తరుక్కుంటూనో, బియ్యంలో రాళ్ళేరుకుంటూనో వాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారా అని చూస్తే, ప్రతిసారీ ఎవరో ఒకరు "అదంతే, గుర్తుపెట్టుకో" అని దాటేసిన చోటే ఆగుతున్నారు.

మొదటి "అదంతే" బీజగణితంలో ఉంది. ఏడు ఇటునుంచి అటు వెళితే మైనస్ ఏడవుతుందట! పక్కింటి పిల్ల, మైనస్ 2 ఎక్స్ = 10 అన్న లెక్కలో ఆ మైనస్ రెండుని అటు పంపించి ప్లస్ చేసి, ఎక్స్ = 12 అని రాసింది. "గుర్తు మారింది కదాంటీ!" అంటుంది. పాపం, దానికి చెప్పిన మంత్రం అదే.

కూరల బండివాడి తక్కెడ గుర్తుచేశాను. ఇటు పళ్ళెంలో మూడు పొట్లాలూ ఏడు గ్రాముల తూకపురాళ్ళూ, అటు 22 గ్రాములు ఉన్నాయనుకోండి. రెండు వైపులా ఏడేసి తీసేస్తే ముల్లు కదలదు. మూడు పొట్లాలూ 15, ఒక్కోటి 5. ఏడు ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు, రెండు పళ్ళేల్లోంచీ తీశాం, అంతే. ఇక మైనస్ రెండు, ఎక్స్‌ని గుణిస్తోంది. గుణకారాన్ని విడదీయాలంటే రెండు వైపులా మైనస్ రెండుతో భాగించాలి. జవాబు మైనస్ 5. ఇది తెలిశాక ఆ పిల్ల మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు.

శుభలేఖతో వర్గ సమీకరణం

వర్గ సమీకరణాల దగ్గర పిల్లలకి ఇంకా బెదురు. ఆ సూత్రం చూడండి, మైనస్ బీ, ప్లస్ ఆర్ మైనస్, పైన రూటు, కింద రెండు ఏ... ఒక్క గుర్తు జారితే అంతా పోయినట్టే. అదెక్కడినుంచి వచ్చిందో తెలిస్తే జారదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడుండేవాడు. ఆయన పుస్తకం పేరులోని 'అల్ జబ్ర్' అన్న మాటే తర్వాత ఆల్జీబ్రా అయింది. ఆయన చేసి చూపించిన లెక్క ఇది: ఎక్స్ వర్గానికి పది ఎక్స్‌లు కలిపితే 39. ఎక్స్ ఎంత?

ఇంట్లో పాత శుభలేఖలకి కొదవుండదు కదా! ఒక చదరపు ముక్క కత్తిరించాం. దాని పక్క ఎంతో తెలియదు, ఎక్స్ అన్నాం. పది ఎక్స్‌లంటే పది వెడల్పూ ఎక్స్ పొడవూ ఉన్న పట్టీ. దాన్ని నిలువునా రెండు చేసి, ఐదేసి వెడల్పున్న ఆ రెండు పట్టీల్ని చదరానికి కుడివైపు ఒకటి, కిందివైపు ఒకటి అతికించాం. అంతా కలిపి వైశాల్యం 39. ఇప్పుడు పెద్ద చదరం తయారవబోయి, ఒక్క మూల మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ మూల ఐదుకి ఐదు, అంటే 25. అదీ పెట్టేస్తే 39కి 25 కలిపి 64. అరవైనాలుగు వైశాల్యమున్న చదరం పక్క 8. అందులో పట్టీ 5 పోతే ఎక్స్ 3!

"వర్గం పూర్తిచేయడం అంటే ఇదా!" అంది మా అమ్మాయి. తరగతిలో అదే మాట ఎన్నోసార్లు రాసింది, పూర్తిచేసేది నిజంగా ఒక చదరాన్నని తోచలేదు. అయితే కాగితంతో ఆగకూడదు. ఎనిమిదిని వర్గం చేసినా 64, మైనస్ ఎనిమిదిని చేసినా 64. కాబట్టి మైనస్ 13 కూడా జవాబే. అల్ ఖ్వారిజ్మీ ధన సంఖ్యనే లెక్కలోకి తీసుకున్నాడు గానీ, పరీక్షలో రెండు మూలాలూ రాయకపోతే మార్కులు పోతాయి.

త్రికోణమితి పేరెత్తితేనే పిల్లలకి చెమటలు. సైన్, కాస్, టాన్ అని ఆ పట్టికని తలకిందులుగా బట్టీ పడతారు. సైన్ అన్న మాట కథ నాకు భలే నచ్చింది. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో ఇదే కొలతకి వాడిన మాట జ్య, అంటే వింటినారి. దాన్నే జీవ అనీ అన్నారు. అది అరబ్బుల దగ్గర జీబా అయింది. వాళ్ళ రాతలో అచ్చులు రాయరు కాబట్టి, తర్వాతివాళ్ళు దాన్ని జైబ్ అని చదివారు. జైబ్ అంటే బట్టలో మడత. పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్ళు తమ భాషలో మడతకున్న 'సైనస్' అన్న మాట పెట్టేశారు. చీర కుచ్చిళ్ళు సర్దుకునే మనకి ఆ మాట పరాయిదేం కాదన్నమాట!

పట్టిక బట్టీ పట్టనక్కర్లేదు. పక్క రెండు సెంటీమీటర్లుండే సమబాహు త్రిభుజం గీసి, పైనుంచి కిందికి మధ్యగా కోసెయ్యమనండి. సగం ముక్కలో కర్ణం 2, కింది పక్క 1, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం నిలువు పక్క రూట్ 3. కోణాలు 30, 60, 90. సైన్ 30 సగం ఎందుకయిందో కళ్ళముందే ఉంటుంది.

ఒక ఆదివారం సాయంత్రం పిల్లల్ని మా కాలనీ నీళ్ళ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాను. ప్రొట్రాక్టరు చదునైన అంచుకి జ్యూసు గొట్టం అంటించి, మధ్య చుక్క దగ్గర దారం కట్టి, దానికి తాళంచెవి వేలాడదీశాం. గొట్టంలోంచి నేలకి సమాంతరంగా చూస్తే దారం 90 మీద ఉంటుంది. చూపు పైకెత్తితే దారం జరుగుతుంది. 90కి ఎంత తేడా వస్తే అంతే ఊర్ధ్వకోణం. ట్యాంకు కొన కనబడేలా చూస్తూ వెనక్కి నడిచి, దారం 45 మీదికొచ్చిన చోట ఆగారు. టాన్ 45 ఒకటి కాబట్టి, ట్యాంకుకి వాళ్ళెంత దూరమో, కళ్ళకి పైన ట్యాంకు అంత ఎత్తు. టేపుతో కొలిస్తే 18 మీటర్లు. కళ్ళ ఎత్తు 1.4 మీటర్లు కలిపితే ట్యాంకు 19.4. "కోణం 30 కావాలంటే ఎక్కడ నిలబడాలి?" అన్నాను. ఎదురింటి పిల్ల అక్కడే గుణించింది, 18 ఇంటూ 1.732, అంటే 31 మీటర్ల చిల్లర. వెళ్ళి నిలబడి చూస్తే దారం 60 దగ్గర ఊగుతోంది! వాచ్‌మన్ వచ్చి "ఏంటమ్మా, ట్యాంకు కడిగించాలా?" అనడిగాడు.

ఈ గీత ఎందుకు గీశావే?

రేఖాగణితం గురించి కథలు రాసేదాన్నిగా ఒక మాట చెప్పొచ్చు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని వరసగా రాస్తారు గానీ, ఆలోచన ఆ వరసలో నడవదు. డిటెక్టివ్ నవల్లాగా చివర్నుంచి వెనక్కి రావాలి. వృత్తం బయటి బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖలూ సమానమని నిరూపించాలి, సరే. రెండు గీతలు సమానమని ఎప్పుడు చెప్పగలం? అవి సర్వసమాన త్రిభుజాల్లో భుజాలైతే. బొమ్మలో త్రిభుజాలేవీ? లేవు. అయితే మనమే తెచ్చుకోవాలి. అందుకని కేంద్రం నుంచి స్పర్శబిందువులకి రెండు వ్యాసార్ధాలు, బయటి బిందువుకి ఒక గీత. వ్యాసార్ధాలు సమానం, కర్ణం ఇద్దరికీ ఉమ్మడి, స్పర్శబిందువుల దగ్గర లంబకోణాలు. పని అయిపోయింది. పిల్లలు బట్టీ పట్టేది ముఖ్యంగా ఆ నిర్మాణాన్నే. ఎందుకు గీశారో తెలియక గీతలు గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టం!

మాటల లెక్కలకైతే తల్లులు మరీ అవసరం. ఇంగ్లీషు మీడియం పిల్లలు సగంమంది లెక్క దగ్గర కాదు, వాక్యం దగ్గర ఆగిపోతారు. "నాకు ఇంగ్లీషు లెక్క అర్థం కాలేదు, తెలుగులో చెప్పు" అంటే చాలు. చెబుతూ చెబుతూనే పిల్లకి దారి దొరుకుతుంది. లెక్కల్ని తెలుగులో చెప్పుకోవడం మనకి కొత్త కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో చాలా లెక్కలు ఒక అమ్మాయిని పిలిచి అడిగినట్టే ఉంటాయి. ఆమె ఆయన కూతురనీ, పెళ్ళి ముహూర్తం తప్పిందనీ చెప్పే కథ మనకి 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదం వల్ల తెలిసింది. నిజమో కాదో గానీ, ఎనిమిది వందల ఏళ్ళ క్రితం లెక్క అడగడానికి ఆడపిల్ల గుర్తొచ్చింది చూశారా!

అందులో ఒక లెక్క. 32 మూరల వెదురు గాలికి విరిగి, కొస నేలకి తగిలింది. మొదలుకీ కొస తగిలిన చోటుకీ 16 మూరలు. ఎంత ఎత్తున విరిగింది? నిలబడ్డ ముక్క ఎక్స్ అనుకుంటే, వాలిన ముక్క 32 మైనస్ ఎక్స్, అదే కర్ణం. పైథాగరస్ ప్రకారం రాస్తే ఎక్స్ వర్గాలు రెండు వైపులా కొట్టుకుపోయి, 64 ఎక్స్ = 768 మిగులుతుంది. ఎక్స్ 12 మూరలు.

పక్కింటి పిల్ల ఈ లెక్క చేస్తున్నప్పుడు వాళ్ళమ్మ కూడా మా ఇంట్లోనే ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. లెక్కలంటే ఆమడ దూరం. గుండ్రటి గొడుగు లంగా కత్తిరించేటప్పుడు మాత్రం, బట్టని నాలుగు మడతలు పెట్టి, నడుము 28 అంగుళాలుంటే ఆరుతో భాగించి, పావంగుళం తగ్గించి మూలనుంచి గుర్తు పెడుతుంది. "అమ్మా, అది టూ పై ఆర్! 6.28తో భాగిస్తే నాలుగున్నరకి కాస్త తక్కువే వస్తుంది" అని కూతురు ఎగిరి గంతేసింది. ఆవిడ నమ్మక, క్యాలిక్యులేటర్‌లో కొట్టించి చూసుకుంది.

ఆ పిల్ల పది తర్వాత ఏం తీసుకుంటుందో ఇంకా తేల్చుకోలేదు. బైపీసీ అని మొదట్నుంచీ అంటున్నది, ఈమధ్య పాలిటెక్నిక్ గురించి అడుగుతోంది. వాళ్ళమ్మ మాత్రం రాత్రిళ్ళు మిషను ఆపి, కాజాలు కుట్టుకుంటూ దాని పక్కన కూర్చుంటోంది. మొన్న గోడ అవతల నుంచి వినబడింది: "అది సరేగానీ, ఈ గీత ఎందుకు గీశావే?"