నాయిక దేవత కానక్కరలేదు



చెరకు తోటలకు వచ్చిన మన పెద్దలను గురించి కథలు వ్రాయమని మా సాయంకాలపు తెలుగు తరగతిలో పిల్లలకు చెప్పాము. మచ్చుకు మేమే ఒకటి వ్రాసి చదివాము. అందులో మా ముత్తవ్వ కష్టపడుతుంది, కన్నీరు మింగుతుంది, ఎవరినీ ఒక్క మాట అనదు. చదవడము ముగియగానే ఒక అమ్మాయి, “మాస్టారూ, ఆ అవ్వ ఒక్క అబద్ధమైనా ఆడలేదా?” అని అడిగింది. మాకు జవాబు తోచలేదు.

ఆ జవాబు మాకు సౌదీ అరేబియా కథ ఒకదానిలో దొరికినది. హైఫా అల్ మన్సూర్ అను రచయిత్రి 2012లో ‘వజ్దా’ అను చలనచిత్రము తీశారు. పూర్తిగా ఆ దేశములోనే తీసిన మొదటి కథాచిత్రమని దానికి పేరు. ఆనాడు వీధిలో మగవారితో కలిసి పనిచేయడము కష్టము గనుక, ఆమె వ్యానులో కూర్చుండి వాకీటాకీతో దర్శకత్వము వహించారు. అదే కథను 2015లో ‘ది గ్రీన్ బైసికిల్’ అను పేర ఎదిగే పిల్లల కోసము నవలగా వ్రాశారు.

రియాద్ నగరములో ఉండే వజ్దాకు పదకొండేండ్లు. ఆ పాత్రకు ప్రాణము పోసినవి మూడు సంగతులు.

మొదటిది కోరిక. స్వేచ్ఛ కావాలని ఆ పిల్ల ఉపన్యాసము ఇవ్వదు. ఆమెకు కావలసినది ఒక ఆకుపచ్చ సైకిలు. అది అంగడిలో కంటికి కనబడుతున్నది, దానికి ఒక ధర ఉన్నది. కనుక ప్రతి పుటలోనూ ఆమెకు చేయవలసిన పని ఉంటుంది.

రెండవది లోపము. డబ్బు కోసము చేతిపట్టీలు అల్లి బడిలో రహస్యముగా అమ్ముతుంది. బహుమతి సొమ్ముపై ఆశతో ఖురాన్ పఠన పోటీలో చేరి, బుద్ధిమంతురాలివలె నటిస్తుంది. నటించబోయి నిజముగానే శ్రావ్యముగా చదవడము నేర్చుకొంటుంది. మంచి, చెడు రెండు గదులలో కాక ఒకే మనసులో కాపురము ఉంటాయి.

మూడవది ఎదుటివారి బాధ. సైకిలు తగదన్న తల్లి దుష్టురాలు కాదు. మగబిడ్డ కోసము భర్త మరొక పెండ్లి చేసుకొంటాడేమోనని కుమిలిపోతున్న ఇల్లాలు. ఆమె దుఃఖము తెలిసిన కొద్దీ వజ్దా కూడా పెద్దదవుతుంది. చివరకు ఆ సైకిలు కొని ఇచ్చేది ఆ తల్లే.

మన మారిషస్‌లో, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో, మన పెద్దల వలస కాగితములు భద్రముగా ఉన్నాయి. పేరు, నంబరు, ఓడ, వయస్సు, అన్నీ దొరుకుతాయి. ఆమెకు ఏమి కావాలని ఉండేదో మాత్రము ఏ కాగితములోనూ లేదు. అది మనమే వ్రాయాలి.

మేము మా కథను తిరిగి వ్రాస్తున్నాము. ఈసారి మా ముత్తవ్వకు గాజుల మీద మోజు. సర్దారుతో ఒక అబద్ధము కూడా ఆడుతుంది. పిల్లలు నవ్వుతూ వింటున్నారు. తరువాత ఏమైనదని అడుగుతున్నారు. మీ ఇంటి అవ్వ చేసిన అల్లరి ఏదైనా ఉంటే, దాచకుండా మీ పిల్లలకు చెప్పండి.